మేడమ్‌ను చూసి సర్జరీ తీసుకోవచ్చా?

ముందుగా ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. అడిగిన అమ్మాయి వరంగల్‌లో హౌస్ సర్జన్, అంటే ఎంబీబీఎస్ చివర ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తోంది. సర్జరీ యూనిట్లో ఒక మేడమ్ పనిచేసే తీరు చూశాక తనకూ జనరల్ సర్జరీ చేయాలనిపిస్తోంది. ఇంట్లో వాళ్లు గైనిక్ తీసుకో, లేదంటే రేడియాలజీ తీసుకో అంటున్నారు. ఇంకో సార్ "ఆడపిల్లవు, నీకు సర్జరీ ఎందుకమ్మా" అన్నారట. తనకు నచ్చింది సర్జరీయా, లేక మేడమేనా అన్నది తేల్చుకోలేకపోతోంది. తీరా వేరే బ్రాంచ్ తీసుకుంటే మేడమ్ ఏమనుకుంటారో అన్న బెంగ కూడా ఉంది.

అమ్మా, నేను మత్తు డాక్టర్‌ని. చాలాకాలం టీచింగ్ హాస్పిటల్లో పనిచేశాను, ఇప్పుడు హనుమకొండలో నర్సింగ్ హోములు తిరుగుతున్నాను. సర్జరీ గురించి మత్తు డాక్టర్‌ను అడిగితే ఏం లాభం అనుకోకు. ఆపరేషన్ టేబుల్ మీద పేషెంట్ తల దగ్గర కూర్చునే మాకు అన్ని బ్రాంచులవాళ్లూ కనబడతారు. పొద్దున గైనిక్, మధ్యాహ్నం ఆర్థో, అర్ధరాత్రి పేగు చిల్లుపడ్డ కేసు. ఎవరు పీజీ (ఎండీ, ఎంఎస్ చదువుతున్న జూనియర్ డాక్టర్) చేతికి కత్తి ఇస్తారు, ఎవరు చేతి మీద కొడతారు, రక్తం ఆగనప్పుడు ఎవరి గొంతు మారుతుంది, ఎవరిది మారదు, ఇవన్నీ తెరకు ఇవతలి నుంచి చూస్తూనే ఉంటాం. హౌస్ సర్జన్లు ఏ మాటకు ఉప్పొంగిపోతారో, ఏ మాటకు ముడుచుకుపోతారో కూడా అక్కడి నుంచే కనిపిస్తుంది.

అలా చూసి నాకు అర్థమైంది ఒకటే. గురువులు కూర్చోబెట్టి చెప్పే సలహా వల్ల బ్రాంచ్ మార్చుకున్నవాళ్లు తక్కువ. పని చేతికిచ్చి పక్కన నిలబడ్డప్పుడు ఒక బ్రాంచ్ మనసులోకి వస్తుంది. పోతూ పోతూ అనేసిన ఒక్క మాటతో ఇంకో బ్రాంచ్ జాబితాలోంచి పోతుంది. నీ విషయంలో ఈ రెండూ ఒకేసారి జరిగాయి. మేడమ్ మొదటిది చేశారు, ఆ సార్ రెండోది.

వీటి దాకా పోయే ముందు ర్యాంకు సంగతి. అది దాచిపెట్టి గురువుల గొప్పదనం మాట్లాడితే అబద్ధం చెప్పినట్టే. 2017 అడ్మిషన్ల నుంచి ఎండీ, ఎంఎస్‌లకు నీట్ పీజీ ప్రవేశ పరీక్షే దారి. ఎయిమ్స్, జిప్మర్ లాంటి చోట్లకు ఇప్పుడు ఐఎన్‌ఐ సెట్ అనే పరీక్ష వేరుగా ఉంది. ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం ఆలిండియా కోటాకు పోతాయి, మిగతావి మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీ, బ్రాంచ్ ఎంచుకోవడం) మొదలవగానే రేడియాలజీ, జనరల్ మెడిసిన్, డెర్మటాలజీ పై ర్యాంకులవాళ్లకే అయిపోతాయి. అనాటమీ, బయోకెమిస్ట్రీ లాంటివి చివరిదాకా మిగులుతాయి. 2023లో ఖాళీలు నింపడానికి కటాఫ్‌ను సున్నా పర్సంటైల్ దాకా, అంటే పరీక్ష రాసినవాళ్లందరూ అర్హులే అనేదాకా, దించారు కూడా. కాబట్టి గురువు మాట పనిచేసేది నీ ర్యాంకుకు దొరికే మూడు నాలుగు బ్రాంచుల మధ్యే. చిన్న జాగానే కానీ, తర్వాతి ముప్పై ఏళ్లు అక్కడే తేలిపోతాయి.

ఇక చేతికిచ్చిన పని గురించి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నా లెక్కలో అనస్థీషియా లేనే లేదు. అప్పట్లో చాలామందికి అది వేరే ఏదీ రాకపోతే తీసుకునే బ్రాంచ్. థియేటర్లో ఓ మూల నిలబడి ఉంటే మా సార్ పిలిచి పేషెంట్‌కు ఊపిరి అందించే మాస్క్ చేతికిచ్చారు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద. మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద. ఎముక మీదే ఉండాలి, కింద మెత్తటి చోట నొక్కితే నాలుక పైకి జరిగి గాలి దారి మూసుకుపోతుంది. మాస్క్‌ను ముఖానికేసి అదమకూడదు, దవడను మాస్క్‌లోకి ఎత్తాలి. నేను కుడిచేత్తో బ్యాగ్ నొక్కితే గాలి చెంప పక్క నుంచి బుస్సుమని పోయింది. సార్ ఏమీ అనలేదు. నా చిటికెన వేలు పట్టుకుని దవడ మూల దాకా జరిపారు, అంతే. మళ్లీ నొక్కితే పేషెంట్ ఛాతీ లేచింది. బ్యాగ్‌లోంచి ఆ ఊపిరి నా అరచేతికి తెలిసింది. "గొంతులో ట్యూబ్ వేయడం ఇవాళ రాకపోతే రేపొస్తది. మాస్క్ పట్టుడు రాకపోతే పేషెంట్ రేపటిదాకా ఉండడు" అన్నారాయన. ఆ తర్వాత కూడా ఎప్పుడూ "అనస్థీషియా తీసుకో" అని ఆయన నోటి వెంట రాలేదు. నేను తీసుకున్నాను.

ఇది నా ఒక్కదాని కథ కాదు. మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పనిచేసినవాళ్లకు పురుగుల మందు కేసుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి, పత్తి వేసే ఊళ్లన్నిటి నుంచి ఇక్కడికే వస్తారు. ఒక రాత్రి సీనియర్ పీజీ పక్కన కూర్చోబెట్టుకుని, విరుగుడు మందు అట్రోపిన్ ఎంత ఇచ్చావో రాసుకో, కనుపాప ఒక్కటే చూసి ఆపేయకు, ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా స్టెత్ పెట్టి విను, నాడి పెరిగిందా చూడు అని నేర్పిస్తాడు. తెల్లారేసరికి ఆ మనిషి చెమటలు తగ్గి, కళ్లు తెరిచి నీళ్లు అడుగుతాడు. ఆ రాత్రి ఆ వార్డులో ఉన్న హౌస్ సర్జన్ మెడిసిన్ వైపు మొగ్గడానికి వేరే కారణం అక్కర్లేదు. అక్కడ గురువు ప్రొఫెసర్ కూడా కాదు. రెండు మూడేళ్లు పెద్దవాడైన ఒక పీజీ అన్న. మెంటార్ అనగానే మనకు హెచ్‌ఓడీ (శాఖాధిపతి) గది గుర్తొస్తుంది గానీ, హౌస్ సర్జన్ల మీద ఎక్కువ ముద్ర వేసేది ఈ అన్నలు, అక్కలు. రాత్రంతా కళ్ల ముందు ఉండేది వాళ్లే కదా. ఆమాటకొస్తే లేబర్ రూమ్ సిస్టర్, డ్రెస్సింగ్ గదిలో పాతకాపు కూడా. కుట్టు వేసేటప్పుడు నీడిల్ హోల్డర్‌ను ఎక్కడ పట్టాలో నాకు మొదట చూపించింది డాక్టర్ కాదు, థియేటర్ సిస్టరమ్మ.

దీనికి ఇంకో ముఖం ఉంది. మాస్క్ పట్టుకోనివ్వని యూనిట్లో పడ్డవాళ్లకు ఆ బ్రాంచ్ ఏమిటో తెలియకుండానే పోస్టింగ్ అయిపోతుంది. ఇప్పటి ఇంటర్న్‌షిప్‌లో అనస్థీషియాకు ఉన్నదే రెండు వారాలు. ఆ రెండు వారాలూ శాంపిల్స్ ల్యాబ్‌కు మోయడంలో, బ్లడ్ బ్యాంక్ చుట్టూ తిరగడంలో గడిచిపోతే "నాకు అనస్థీషియా నచ్చలేదు" అనడానికి కూడా వీల్లేదు, చూడలేదు కాబట్టి. హౌస్ సర్జన్లు "నాకు ఫలానా బ్రాంచ్ పడదు" అన్నప్పుడల్లా నేను అడిగేది, అక్కడ నీ చేత్తో ఏం చేశావు అని. సగం మంది దగ్గర జవాబు ఉండదు.

ఇప్పుడు ఆ సార్ అన్న మాట. "ఆడపిల్లవు, సర్జరీ ఎందుకు", "సైకియాట్రీయా, నీకేమైంది బాగానే ఉన్నావుగా", "పీఎస్ఎం (సామాజిక వైద్యం) చేస్తే స్టెత్ అటక మీద పెట్టుకోవాల్సిందే", "అనస్థీషియాకు పేరేముంటది, పేషెంట్‌కు నీ మొఖమే గుర్తుండదు". ఈ మాటలు నేను వినని సంవత్సరం లేదు. అనేవాళ్లకు దురుద్దేశం ఉండదు చాలాసార్లు. టీ తాగుతూ అంటారు, మర్చిపోతారు. విన్న పిల్లలు మర్చిపోరు. ఒక బ్రాంచ్‌వాళ్లు ఇంకో బ్రాంచ్‌ను తీసిపారేసి మాట్లాడటం మన కాలేజీల్లో పాఠంలో లేని పాఠం. పైగా గౌరవం ఉన్న మనిషి నోటి నుంచి వస్తే దాన్ని ఎదురు ప్రశ్నించం.

నువ్వు ప్రశ్నించు. మర్యాదగానే, "సార్, ఏ విషయంలో ఇబ్బంది అంటున్నారు?" అని అడుగు. నైట్ డ్యూటీలా? పెళ్లయ్యాక కుటుంబమా? గంటల తరబడి నిలబడాలనా? ఆడ సర్జన్‌కు కేసులు రిఫర్ చేయరనా? ఇవి నాలుగు వేర్వేరు సంగతులు, నాలుగింటికీ జవాబులు వేరు. రాత్రుళ్ల గురించే అయితే, ఆడపిల్లకు గైనిక్ హాయి అనేవాళ్లు నొప్పులు ఆఫీసు టైమ్‌లోనే వస్తాయనుకుంటారేమో తెలియదు. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటిలో అర్ధరాత్రి జరిగేవాటికి గైనకాలజిస్ట్ ఎంత పరుగెత్తుకు రావాలో నేనూ అంతే రావాలి కాబట్టి నాకు బాగా తెలుసు. రాత్రి నిద్రే కొలమానమైతే గైనిక్ కంటే సర్జరీ ఏమీ అన్యాయం చేయదు.

కేసుల సంగతి అయితే ఇంకా తేలిక. ఇక్కడి ఊళ్లలో రొమ్ములో గడ్డ ఉంటే నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకునే ఆడవాళ్లున్నారు. మగ డాక్టర్‌కు చూపించుకోవడం ఇష్టం లేక పుండు పడేదాకా ఆగినవాళ్లకు నేను మత్తు ఇచ్చాను. మొలలు, ఫిస్టులా లాంటి జబ్బుల్లోనూ ఇదే సిగ్గు. ఈ ప్రాంతంలో ఒక లేడీ సర్జన్ బోర్డు పెడితే ఖాళీగా కూర్చోవాల్సి వస్తుందంటే నేను నమ్మను. అలాగని ఇబ్బందులు లేవని కాదు. మొదట్లో పేషెంట్ బంధువులు "పెద్ద సార్ ఎప్పుడొస్తడు" అని నిన్నే అడుగుతారు, ఆపరేషన్ చేసింది నువ్వే అయినా. చాలా ఏళ్లు అడుగుతారు.

గురువుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మన హైదరాబాద్ చరిత్రే గుర్తొస్తుంది. మా బ్రాంచ్ కథ కాబట్టి కాస్త పక్కకు పోతున్నాను, ఓపిక పట్టు. 1880ల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు ఎడ్వర్డ్ లౌరీ అని ప్రిన్సిపల్ ఉండేవాడు, రెసిడెన్సీ సర్జన్. ఆడపిల్లలకు వైద్యవిద్య అంటేనే వింతగా చూసే రోజుల్లో ఆయన అమ్మాయిలను చేర్చుకుని, క్లోరోఫామ్ ఇవ్వడం నేర్పించాడు. వాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ 1889లో చదువు ముగించింది. ప్రపంచంలో తొలి మహిళా అనస్థటిస్ట్ అని ఆవిడనే చెప్పుకుంటారు. గురువు చేతికి పనిచ్చాడు, ఒక జీవితం ఆ దారిన పోయింది.

అదే లౌరీకి ఒక పట్టుదల ఉండేది. ఆయన ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్‌కు శిష్యుడు. క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు ఊపిరి ఒక్కటి చూసుకుంటే చాలు, నాడి చూడక్కర్లేదు, గుండెకు నేరుగా ముప్పు ఉండదు అన్నది ఆ గురుపరంపర నమ్మకం. దాన్ని నిరూపించడానికే నిజాం డబ్బుతో 1888, 1889ల్లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ కూడా వచ్చాడు. లౌరీ నమ్మిందే నిజమని తేల్చారు. కానీ 1911లో లెవీ అనే ఆయన, క్లోరోఫామ్ మత్తు పైపైన ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చని ప్రయోగాల్లో చూపించాడు. అంటే సైమ్ నుంచి లౌరీకి, లౌరీ నుంచి ఆయన శిష్యులకు నైపుణ్యమూ వచ్చింది, తప్పుడు నమ్మకమూ వచ్చింది. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే ధీమాతో. ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న మాట నేటికీ మా పనికి పునాది. నాడి అక్కర్లేదన్న మాట కొట్టుకుపోయింది. శిష్యులకు అప్పుడు ఏది ఏదో తెలిసే దారి లేదు.

నీ మేడమ్ దగ్గర కూడా ఈ రెండూ ఉంటాయి. ఆవిడ చేతి పని చూసి నేర్చుకోవాల్సింది బోలెడు. కానీ సర్జరీ చేస్తే జీవితం ఎలా ఉంటుందన్నది ఆవిడకు తెలిసింది ఆవిడ జీవితం మేరకే. ఆవిడ సర్కారు సర్వీసులో ఉన్నారు. నెల తిరిగేసరికి జీతం, కింద ఇద్దరు ముగ్గురు పీజీలు, పక్కనే బ్లడ్ బ్యాంక్, ఐసీయూ, పిలిస్తే వచ్చే మత్తు డాక్టర్. నువ్వు రేపు నర్సంపేటలోనో పరకాలలోనో సొంతంగా పెట్టుకుంటే ఇవేవీ ఉండవు. గాల్ బ్లాడర్ కేసుకు అసిస్టెంట్‌గా ఎవరు నిలబడతారు, రక్తం వరంగల్ నుంచి రావడానికి ఎంతసేపు, ఆరోగ్యశ్రీ డబ్బు ఎప్పుడు పడుతుంది, లాపరోస్కోపీ సెట్ ఈఎంఐ ఎవరు కడతారు, ఇవి నీ తలనొప్పులు. ఇవి టీచింగ్ హాస్పిటల్ మెంటార్లను అడిగితే మొహమాటానికి ఏదో చెబుతారు. వాళ్ల పొరపాటు కాదు, వాళ్లు ఆ నీళ్లలో దిగలేదు.

ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. కాలేజీలో నీకు కనిపించే సర్జన్లంతా సర్జరీలో నిలదొక్కుకున్నవాళ్లే. ఎంఎస్ చేసి, అది పడక ఇంకేదో చేసుకుంటున్నవాళ్లు నీకు పాఠం చెప్పడానికి రారు. విసిగిపోయి కార్పొరేట్ హాస్పిటల్ డ్యూటీ డాక్టర్‌గా ఉన్నవాళ్లు, ఎంఎస్ ఒక్కటే సరిపోదని మళ్లీ నీట్ ఎస్ఎస్ పరీక్ష రాసి మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు ఎంసీహెచ్‌కు పోయినవాళ్లు, వాళ్లనూ అడగాలి. మీ మేడమ్‌నే ఫోన్ నంబర్ అడుగు. తన బ్యాచ్‌వాళ్లో, తన దగ్గర పీజీ చేసి వెళ్లిన పిల్లలో, ఎవరో ఒకరు హనుమకొండ చుట్టుపక్కల ప్రాక్టీస్‌లో ఉంటారు. మంచి గురువైతే సంతోషంగా ఇస్తారు. తన మాట తప్ప వేరే మాట వినకూడదనుకునే గురువైతే అదీ తెలిసిపోతుంది, అదీ మంచిదే.

ఇక నీ అసలు అనుమానం, మేడమా, సర్జరీయా. దీన్ని కూర్చుని ఆలోచించి తేల్చలేవు. మేడమ్ సెలవులో ఉన్న వారం చూసుకుని అదే యూనిట్లో ఉండు. సర్జరీ వార్డులో అతి మామూలు పని ఏమిటో నీకు తెలుసు: షుగర్ కాళ్ల డ్రెస్సింగ్. పొద్దున్నే ముక్కు పుటాలదరగొట్టే ఆ వాసన, తడిసిన గాజుగుడ్డ తీస్తుంటే పేషెంట్ పళ్లు బిగబట్టుకోవడం, చచ్చిన కండను రక్తం కనబడే దాకా కత్తిరించడం, "వేలు తీసేస్తరా అమ్మా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం, రెండ్రోజుల తర్వాత మళ్లీ అదే కాలు. గదిలో మేడమ్ లేరు, మెచ్చుకునేవాళ్లు లేరు. ఆ డ్రెస్సింగ్ అయ్యాక "రేపు ఈ గాయం కాస్త ఎర్రబడి మానే దారిన పడుతుందా" అన్న కుతూహలం నీకు మిగిలితే అది సర్జరీ మీద ఇష్టమే. ఎప్పుడైపోతుందా అనిపిస్తే, నీకు నచ్చింది మేడమ్ నడక, మాట, పేషెంట్‌తో ఉండే తీరు. వాటిని ఏ బ్రాంచ్‌లోకైనా తీసుకుపోవచ్చు.

ప్రతి బ్రాంచ్‌కూ ఇలాంటి విసుగు పని ఒకటి ఉంటుంది, బ్రాంచ్ తీసుకోవడమంటే ఆ విసుగును తీసుకోవడమే. మాకు, ఏమీ జరగని ఆపరేషన్లో గంటల కొద్దీ మానిటర్ చూస్తూ కూర్చోవడం. ఏమీ జరగకపోవడమే మా పని. రేడియాలజీ అంటే చల్లటి ఏసీ గది, హాయి అనుకుంటారు ఇంట్లో వాళ్లు. చీకటి గదిలో రోజంతా గర్భిణుల స్కాన్లు, ఒక్కొక్కదానికీ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నింపాల్సిన ఫారం ఎఫ్, అందులో ఒక గడి ఖాళీ వదిలితే తనిఖీకి వచ్చినవాళ్లకు సమాధానం చెప్పుకోవడం కూడా అందులో భాగమే. మెషీన్ ఖరీదు సరేసరి. మీ నాన్నగారిని ఒక రోజు ఏదైనా స్కానింగ్ సెంటర్ బయట బెంచీ మీద కూర్చోమను. రాత్రి ఎనిమిదికి కూడా లైన్ తగ్గలేదని ఆయనే చెబుతారు.

ఇది చదివే పిల్లల్లో కొత్త కాలేజీలవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నాటిది, ఇక్కడ తరాల తరబడి సీనియర్లు ఉన్నారు. మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం కాలేజీలు 2022లో, జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్ 2023లో వచ్చాయి. అక్కడ పైన ఇక్కడిలా తరాల తరబడి పీజీ అన్నలు లేరు, దశాబ్దాలుగా ఒకే యూనిట్ నడిపిన చీఫ్ లేరు. అయినా దిగులు అక్కర్లేదు, జనం తక్కువ కాబట్టి పని చేతికి రావడం అక్కడే సులువు. మీకు తక్కువయ్యేది పోల్చి చూసుకునే వీలు. మీరే ఎంచుకునే ఎలెక్టివ్ పోస్టింగ్‌ను లీవులాగా వాడుకోకుండా, మీ దగ్గర లేని బ్రాంచ్ కోసం పెద్ద ఆస్పత్రికి వెళ్లడానికి వాడుకోండి. పీజీలు జిల్లా రెసిడెన్సీ అనే తప్పనిసరి పోస్టింగ్ కింద మూడు నెలలు జిల్లా ఆస్పత్రులకు వస్తుంటారు. వాళ్లను పట్టుకోండి. నిన్నగాక మొన్న మీలాగే ఆప్షన్లు పెట్టినవాళ్లు, ఏది నిజమో మొహమాటం లేకుండా చెబుతారు.

పీజీ సీటు గురించి ఆలోచించేటప్పుడు బ్రాంచ్‌తో పాటు యూనిట్ కూడా చూడాలి, ఇది నిక్కచ్చిగా చెబుతున్నాను. నచ్చిన బ్రాంచ్‌లో పీజీలను నలుగురి ముందు తిట్టే, సెలవంటే మండిపడే, కత్తి చేతికివ్వని యూనిట్‌లో పడితే మూడేళ్లు నరకం. నేను పనిచేసిన ఒక చోట ఫైనలియర్ సర్జరీ పీజీ ఒకతను హెర్నియా మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చేయకుండానే బయటికి వెళ్లాడు. థియేటర్లో అతని పని లైటు సర్దడం, రిట్రాక్టర్ పట్టుకోవడం. ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీలో చదువుతున్న సెకండియర్ పీజీకి ఫోన్ చేసి "నిన్న నీ చేత్తో ఏం చేశావు" అని ఒక్కటి అడుగు. కాలేజీ పేరు కన్నా ఆ జవాబు ఎక్కువ చెబుతుంది.

మేడమ్‌ను ఏం అడగాలంటావా? "నేను సర్జరీ తీసుకోవచ్చా" అని మాత్రం అడగొద్దు. నీ మీద అభిమానం ఉన్న మనిషి తీసుకో అనే అంటారు. తన పీజీ రోజుల్లో మానేద్దామనిపించిన సందర్భం ఏదైనా ఉందా, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎమర్జెన్సీ రాత్రుళ్లు ఇంట్లో ఎవరున్నారు, ఇప్పుడు ఇరవై అయిదేళ్లుంటే మళ్లీ ఇదే తీసుకుంటారా, ఇవి అడుగు. వార్డులో నిలబడి కాదు, ఓపీ అయ్యాక టీ టైమ్‌లో. ఇంట్లో ఎవరున్నారన్న ప్రశ్నకు వచ్చే జవాబు శ్రద్ధగా విను. చాలామంది లేడీ సర్జన్ల కెరీర్ వెనక ఒక అత్తగారో అమ్మో ఉంటారు, ఆ సంగతి సన్మాన సభల్లో ఎవరూ చెప్పరు. మీ అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు కూడా నీకు పనికొచ్చేది ఆ వివరమే. వాళ్ల భయం సర్జరీ గురించి అయ్యుండదు, నువ్వు ఒంటరిగా నెగ్గుకురాలేవేమోనని. వీలైతే మేడమ్‌తో ఒకసారి మాట్లాడించు, నీ గంట వాదన కంటే ఆవిడ పది నిమిషాల మాట వాళ్లకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఆఖరికి వేరే బ్రాంచ్ తీసుకోవాల్సి వస్తే, ఆప్షన్లు లాక్ చేసే ముందే వెళ్లి మేడమ్‌కు చెప్పు. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే నొచ్చుకుంటారు, నువ్వే చెబితే నొచ్చుకోరు. ఇన్నేళ్లలో నా దగ్గర తిరిగి అనస్థీషియా అనుకుని చివరికి పీడియాట్రిక్స్‌కో మెడిసిన్‌కో పోయిన పిల్లలు చాలామందే ఉన్నారు. రాత్రిపూట ఊపిరాడని పసిబిడ్డకు మాస్క్ పట్టి, ట్యూబ్ వేయడానికి నన్ను పిలిచేదీ వాళ్లే. నువ్వు ఏ బ్రాంచ్‌లో ఉన్నా రేపు మీ మేడమ్‌కు కేసు పంపేదానివి, ఆవిడ కేసు చూసేదానివి అవుతావు. ఆ సంగతి ఆవిడకు నీకంటే బాగా తెలుసు.